అది నీ బంతి కాదు

పన్నెండేళ్లు పిచ్చర్ల బంతులు పట్టాను.
ఎడమ చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.
ఎవరి బంతికి విరిగిందని అడిగితే
ఒర్లిన్ ఒమియర్ పేరే చెబుతాను.
నిజానికి అది కారు తలుపు పని.

నికరాగువా తూర్పు తీరానికి అవతల
ఒక పూట నడిస్తే చుట్టేసి రాగల దీవి వాడిది.
అక్కడ గట్టిగా కొడితే బంతి సముద్రం పాలట.
అందుకే పరుగెత్తడం ముందు నేర్చుకున్నాడు,
విసరడం తర్వాత,
కొట్టడం మాత్రం ఎప్పటికీ నేర్చుకోలేదు.

ఆ దీవి పేరులో మొక్కజొన్న ఉంది.
మొక్కజొన్న చేను చూడ్డం మాత్రం
అయోవాలో, మా చిన్న జట్టు మైదానం కంచె అవతలే మొదలు.
కుడి ఫీల్డులో ఆ కంచెకు వీపు ఆనించి నిలబడేవాడు.
అక్కణ్ణుంచి విసిరితే
నేల తాకకుండా మూడో బేస్‌కి వచ్చేది బంతి.
పరుగెత్తేవాళ్లు సగం దారిలో
పెనం మీద కాలు పెట్టినట్టు వెనక్కి తిరిగేవాళ్లు.

బ్యాట్ పట్టుకుంటే వేరే మనిషి.
వంగి వచ్చే బంతిని చూస్తే
అప్పిచ్చినవాడు ఎదురైనట్టు తడబడేవాడు.
మూడో వేసవికి లెక్క తేలింది: నూటికి పదిహేడు.

మంగళవారం, బస్సులో,
పొద్దుతిరుగుడు గింజల పొట్టు కప్పులోకి ఊస్తూ
కోచ్ హాలండర్ అన్నాడు:
"రేపట్నుంచి నువ్వు పిచ్చర్‌వి. వద్దంటే శుక్రవారం విమానం ఉంది."
వాడు కిటికీలోంచి చూస్తూ సరే అన్నాడు.
దిగేటప్పుడు తన పాత గ్లవ్ సీటు కింద మర్చిపోయాడు.
మర్చిపోయాడో, వదిలేశాడో.
నేనే తెచ్చి దాచాను.

పచ్చిక చివర ఒంటరిగా ఉండటం వేరు,
మట్టిదిబ్బ మీద అందరి నడుమ ఒంటరిగా ఉండటం వేరు.
అక్కడ ఆట నిన్ను వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగొచ్చు.
ఇక్కడ నువ్వు చెయ్యెత్తేదాకా ఆటే ఆగిపోతుంది.
మొదటి నెలంతా దిబ్బ వెనక్కి దిగి
బూట్ల లేసులు కట్టుకునేవాడు,
కట్టినవే మళ్లీ.

మొదటి బంతి నా తల మీదుగా పోయి
కూల్‌డ్రింకుల మిషన్ అద్దం పగలగొట్టింది.
రెండోది నా అరచేతిలోకి వచ్చింది.
మంట కాదు, మంట తర్వాత వచ్చే తిమ్మిరి.
వేగం కొలిచే కుర్రాడు తొంభై ఎనిమిది మైళ్లన్నాడు,
చేతిలో యంత్రాన్ని తట్టి
మళ్లీ చూశాడు.

ఒక్క అలవాటే పోలేదు.
ఎవడైనా బంతిని గాల్లోకి లేపితే
గిరుక్కున తిరిగి దాని వెంట పరుగందుకునేవాడు.
రెండడుగులు, ఒక్కోసారి మూడు.
"అది నీ బంతి కాదురా!" అని హాలండర్ కేక.
"కాళ్లకింకా ఎవరూ చెప్పలేదు కోచ్," అని వీడి నవ్వు.

పెద్ద లీగులో వాడున్నది ఒక్క ఆగస్టు.
పదకొండు ఇన్నింగ్స్.
దీవిలో వాళ్లమ్మ ఇవొనీ
చర్చిలో జనరేటర్ పెట్టించి ఊరందరికీ చూపించిందట.
నేను మా వంటగదిలో
ఐసు గిన్నెలో చెయ్యి ముంచుకుని చూశాను.
ఆఖరి బ్యాటర్ బంతిని ఆకాశంలోకి లేపాడు.
వీడు తిరిగాడు. రెండడుగులు.
వీడెటు పోతున్నాడని కామెంటేటర్ అడిగాడు.

తర్వాతి ఏప్రిల్‌లో, మళ్లీ మా దగ్గరే,
మోచేతిలో ఏదో తెగింది.
తడితాడు తెగిన శబ్దం నా దాకా వినిపించింది.
కోత, కుట్లు, పద్నాలుగు నెలలు.
తిరిగొచ్చేసరికి ఎనభై తొమ్మిది.
ఎనభై తొమ్మిది ఎవడిక్కావాలి?

గది ఖాళీ చేసే రోజు గ్లవ్ తెచ్చిచ్చాను.
తోలు బిరుసెక్కి అప్పడంలా ఉంది.
తొడుక్కుని, ఏమీ అనకుండా,
కుడి ఫీల్డు దాకా నడిచాడు.
అక్కణ్ణుంచి "కొట్టు" అని అరిచాడు.
నాకు పట్టడమే వచ్చు, కొట్టడం రాదు.
మూడు తప్పిపోయాయి.
నాలుగోది తగిలి వంకరగా కంచె వైపు లేచింది,
వాడప్పటికే పరుగులో ఉన్నాడు.

పట్టాక, విసరలేదు.
నడిచొచ్చి నా చేతిలో పెట్టాడు.